పక్క చెరువాయన అర్ధరాత్రి తూము ఎత్తేశాడు, మా రొయ్యలు మేత ఆపేశాయి – పట్టేయాలా, ఆగాలా?

గట్టుమీద_సుబ్బు
రెండెకరాల చెరువు, వనామీ రొయ్య, ఇవాళ్టికి 38 రోజులు. ఎకరాకి లక్షా ఇరవై వేల పిల్ల వేశాను. మొన్నటిదాకా మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలు నాకినట్టు ఖాళీ చేసేవి. మొన్నైతే మామూలు కంటే ఎక్కువే తిన్నాయని సంబరపడి మేత కూడా పెంచాను. ఈ పొద్దున ట్రే లేపితే వేసిన మేత వేసినట్టే ఉంది. గట్టు వారన పదీ పదిహేను రొయ్యలు నీరసంగా తిరుగుతున్నాయి, చేత్తో పట్టుకున్నా గెంతడం లేదు. ఐదారు చచ్చాయి, ఒళ్లంతా కాస్త ఎరుపు. తల పెంకు ఊడదీసి వెలుతురుకి పెడితే సన్నగా తెల్ల మచ్చలు కనపడుతున్నాయి.

అసలు మంట ఏంటంటే, నాలుగు రోజుల క్రితం మా పక్క చెరువాయన అర్ధరాత్రి తూము ఎత్తేసి నీళ్లన్నీ డ్రెయిన్లోకి వదిలేశాడు. తెల్లారేసరికి చెరువు ఖాళీ. అడిగితే "పట్టుబడి చేసేశాం" అన్నాడు. 45 రోజులకి పట్టుబడి ఏంటండీ? నేను తెలియక ఆ మర్నాడే అదే డ్రెయిన్ నుంచి అరడుగు నీళ్లు పెట్టుకున్నాను.

మందేమైనా ఉందా? ఆయన మీద కంప్లైంట్ ఎక్కడ ఇవ్వాలి?

ఏరేటర్_శబ్దం
మందు లేదు. పట్టేయ్.

మేత_బాకీ
పట్టేయ్ అనడం తేలిక బ్రో. 38 రోజులకి 200 కౌంట్ (కిలోకి 200 రొయ్యలు) కూడా పడదు. వచ్చిన డబ్బు వల లాగే కూలీలకి, ఐస్‌కి సరిపోతుంది. మేత షాపులో ఖాతా ఎవరు తీరుస్తారు?

ఏరేటర్_శబ్దం
రెండు రోజులు ఆగితే ఆ ఐస్ ఖర్చు కూడా మిగులుతుంది. పట్టడానికి ఏమీ ఉండదు కదా.

పీసీఆర్_పిచ్చి
ల్యాబ్‌లో పని చేస్తాను కాబట్టి ఒక మాట. తెల్ల మచ్చ కనపడగానే వైట్ స్పాట్ వైరస్ అని తీర్పు ఇచ్చేయకండి. పీహెచ్ బాగా పెరిగిన నీళ్లలోనూ, ఒక రకం బ్యాక్టీరియా వల్లా పెంకు మీద మచ్చలు వస్తాయి. అలాంటి రొయ్య చక్కగా మేత తింటుంది, పెంకు విడిస్తే మచ్చ పోతుంది. ఇంకోపక్క, వైరస్ సోకిన వనామీ ఒక్క మచ్చ కూడా చూపించకుండానే గుట్టలుగా చావొచ్చు. అందుకే కంటితో తేల్చొద్దు.

కానీ సుబ్బుగారూ, మీరు చెప్పిన వరస నాకు నచ్చలేదు. ఒకరోజు ఎగబడి తినడం, మర్నాడు ఒక్కసారిగా మానేయడం, గట్టు వారకి రావడం, ఎరుపు. ఇది అచ్చం దాని నడకే. నీరసంగా తిరుగుతున్న రొయ్యల్నే పట్టండి, చచ్చి ఉబ్బినవి పనికిరావు. ఐదారింటిని ఐస్‌లో పెట్టి ఇప్పుడే ల్యాబ్‌కి పంపండి. సాయంత్రానికి రిజల్ట్ వస్తుంది.

అప్పటిదాకా నీళ్లు ఎక్కించొద్దు, దించొద్దు. మేత ఆపండి. ఏరేటర్లు మాత్రం ఆపొద్దు. ఆ చెరువులో ముంచిన వల, బకెట్, ట్రే ఇంకో చెరువు గట్టు ఎక్కకూడదు.

ఎవరో ఒకరు వచ్చి యాంటీబయాటిక్ అంటారు, ముందే చెప్తున్నా. అది వైరస్‌ని ఏమీ చేయదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల జాడ దొరికితే ఎగుమతి కంటైనర్ వెనక్కొస్తుంది, మీ ఊరి రొయ్య మొత్తానికి చెడ్డపేరు.

మేత_బాకీ
మా కన్సల్టెంట్ వెల్లుల్లి, పసుపు, బెల్లం కలిపి మేతకి పట్టించమన్నాడు ఒకసారి. రొయ్యలు చచ్చాయి గానీ వాసన మాత్రం అద్భుతం.

ఏరేటర్_శబ్దం
ఉప్పూ కారం కూడా చెప్పుంటే పచ్చడి అయ్యేది.

మొగల్తూరు_రాజు
అందరూ పక్కోడి తూము మీద పడ్డారు. నన్నడిగితే తప్పు సీడ్‌ది, అంటే వేసిన పిల్లది. 30, 40 రోజుల్లో వచ్చే వైట్ స్పాట్ హ్యాచరీ నుంచే వస్తుంది. సీడ్ టెస్ట్ చేయించావా సుబ్బూ?

గట్టుమీద_సుబ్బు
చేయించాను రాజుగారూ. నెగటివ్ అని కాగితం ఇచ్చారు.

మొగల్తూరు_రాజు
కాగితం ఎవరిచ్చారు? సీడ్ అమ్మినవాడేనా?

గట్టుమీద_సుబ్బు
...అవును.

పీసీఆర్_పిచ్చి
టెస్ట్ ఎవరు చేశారన్నది ఒకటి, ఎన్ని పిల్లలు తీశారన్నది ఇంకొకటి. వంద పిల్లల్లో రెండిటికే వైరస్ ఉందనుకోండి. దాన్ని 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే దాదాపు 150 పిల్లల్ని కలిపి చూడాలి. 30 పిల్లలతో సరిపెడితే, నూటికి పది సోకితేనే అంత నమ్మకంతో దొరుకుతుంది. "నెగటివ్" అంటే తీసిన శాంపిల్‌లో దొరకలేదని అర్థం. లక్షల పిల్ల మొత్తానికి హామీ కాదు.

అయినా రాజుగారి మాటని పూర్తిగా ఒప్పుకోను. సీడ్‌తో వచ్చినదైతే చాలాసార్లు ఇంకా ముందే తేలుతుంది. 38 రోజులంటే బయటి నుంచి వచ్చే దారులు చాలా ఉన్నాయి. సుబ్బుగారూ, పీతల కంచె ఉందా?

గట్టుమీద_సుబ్బు
మూడు వైపులా ఉంది. డ్రెయిన్ వైపు పోయిన తుఫానుకి పడిపోయింది, మళ్లీ కట్టలేదు.

పీసీఆర్_పిచ్చి
కట్టాల్సింది ఆ వైపే కదండీ!

నెల్లూరు_పెద్దాయన
కంచె అనగానే పాత సంగతులు గుర్తొచ్చాయి. మాది కండలేరు క్రీక్ వైపు. 90ల మొదట్లో టైగర్ రొయ్య అంటే పిచ్చి. ఉప్పు కయ్యలు, పనికిరావనుకున్న నేలలు అన్నీ చెరువులైపోయాయి. క్రీక్ పొడుగునా ఎవరి మోటార్ వాళ్లది, ఎవరి తూము వాళ్లది. పైన ఉన్నాయన వదిలిన నీళ్లు కింద ఉన్నాయన తోడుకునేవాడు, ఆయన వదిలింది ఆటు పోటుకి మళ్లీ పైకొచ్చేది. ఒకే గ్లాసులో ఊరంతా తాగినట్టు.

1994లో ఈ జబ్బు మొదలైంది, 95 నాటికి ఊడ్చిపెట్టేసింది. అప్పటికి పేరు తెలియదు, టెస్ట్ లేదు. పొద్దున పది కిలోలు తేలితే మర్నాటికి చెరువంతా. తైవాన్, చైనాల్లో 1992, 93లోనే వచ్చిన జబ్బని తర్వాత తెలిసింది. అందరం చేసిన పని ఒకటే, రాత్రికి రాత్రి తూము ఎత్తేయడం. నేనూ ఎత్తాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?

అది చాలదన్నట్టు 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు, తీరంలో చెరువులు తీసేయమని. ఆ తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ వచ్చింది. 2009లో వనామీకి అనుమతి ఇస్తూ తల్లి రొయ్యల్ని చెన్నై నీలాంకరైలో క్వారంటైన్ చేశాకే హ్యాచరీలకి ఇవ్వాలన్నారు. అదొక్కటి మంచి పని. కాకపోతే మనవాళ్లు ఎస్‌పీఎఫ్ అంటే జబ్బు రాని రొయ్య అనుకుంటారు. జబ్బు లేకుండా పుట్టిందని మాత్రమే దానర్థం. పుట్టిల్లు శుభ్రమైనదే, అత్తారిల్లు మన డ్రెయిన్.

ఏరేటర్_శబ్దం
పెద్దాయనా, ఆ చివరి ముక్క ఫ్రేమ్ కట్టించుకుంటా.

కొల్లేటి_కొంగ
ఇంకాసేపట్లో ఎవరో "నీటికాకుల వల్లే" అంటారు, అందుకే ముందే వచ్చాను. పోయినేడాది మా వైపు ఈ వంకతో పిట్టల మీద తుపాకీ పేల్చారు.

మొగల్తూరు_రాజు
అనకేం చేస్తాం? జబ్బు చెరువులో రొయ్య ఎత్తుకెళ్లి మా చెరువులో వదిలేది ఎవరు, మా తాతా?

కొల్లేటి_కొంగ
అక్కడే తేడా ఉంది రాజుగారూ. పిట్ట తిన్న రొయ్యలోని వైరస్ కడుపు దాటి రెట్టలో బతికి రావడం కష్టం, సీగల్స్ మీద చేసిన పరీక్షలో అలా రాలేదు. ముక్కున కరుచుకున్న రొయ్య జారి పడితే మాత్రం ప్రమాదమే. అంటే పిట్టని చంపితే లాభం లేదు, చెరువు మీద దారాలు కట్టాలి. దానికంటే ముందు చచ్చిన రొయ్యల్ని గట్టు మీద కుప్ప పోయడం మానాలి. కాకుల్ని పిలిచి విందు పెట్టేది మనమే.

పీసీఆర్_పిచ్చి
కొంగగారితో ఏకీభవిస్తున్నా. నా లెక్కలో పిట్ట కంటే పెద్ద దొంగ పీత. ఈ వైరస్‌కి ఒక్క రొయ్యే ఇల్లు కాదు. పది కాళ్ల జాతిలో, అంటే రొయ్యలు, పీతలు, లాబ్‌స్టర్లు, ఇంకా వాటి చుట్టాలు కలిపి 90కి పైగా జీవుల్లో కనపడింది. మండపీత చాలాసార్లు చావదు, జబ్బు పడినట్టు కూడా ఉండదు, మోసుకుంటూ తిరుగుతుంది. చెరువు ఎండబెట్టినా బొరియలో తడిలో కూర్చుని ఉంటుంది. మీరు నీళ్లు పెట్టగానే బయటికొస్తుంది. మంచినీటి చెరువులకి ఈ బాధ లేదనుకోకండి, పొలం పీతలకి కూడా ప్రయోగాల్లో ఈ జబ్బు సోకింది.

మేత_బాకీ
అంటే పీతల పులుసు పెట్టుకోవడం కూడా జబ్బు నివారణే అన్నమాట.

వరిచేను_శ్రీను
మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. మీరంతా ఒకరి డ్రెయిన్ ఒకరు పాడు చేసుకున్నామని ఏడుస్తున్నారు. ఆ డ్రెయిన్ పక్కనే నా ఎకరం పావు వరి ఉంది. ఉప్పు ఊట దిగి మూడేళ్లుగా మొలక సరిగ్గా రావడం లేదు. మా కోసం ఎవరైనా పోస్ట్ పెట్టారా?

మొగల్తూరు_రాజు
శ్రీనూ, నీ బాధ నిజమే గానీ దానికి వేరే పోస్ట్ పెట్టు. ఇక్కడ మనిషి చెరువు పోతోంది.

వరిచేను_శ్రీను
ఎప్పుడూ వేరే పోస్టే.

జెడ్డా_నుంచి
నేను ఎర్రసముద్రం ఒడ్డున రొయ్యల ఫారంలో టెక్నీషియన్‌ని, ఊరు బాపట్ల పక్కన. ఇక్కడ 2010, 11లో వైట్ స్పాట్ వచ్చింది. అప్పటిదాకా వాళ్లు పెంచింది మన తెల్ల రొయ్యనే. ఎడారి, ఎండ, చుట్టూ ఇంకో చెరువు లేదు, అయినా వచ్చింది. చివరికి ఆ జాతినే వదిలేసి ఎస్‌పీఎఫ్ వనామీకి మారారు. ఇప్పుడు గేటు దగ్గర బండి చక్రాలు కడుగుతారు, చెప్పులు మార్పిస్తారు, ఒక సెక్షన్ వాడు ఇంకో సెక్షన్‌లోకి పోకూడదు. ఊరికి ఫోన్ చేసి ఇదంతా చెప్తే మా నాన్న "చెరువులోకి పోవడానికి వీసా ఏంట్రా" అని నవ్వుతాడు.

ఒక సంగతి. నీళ్లు 32, 33 డిగ్రీలు దాటితే ఈ వైరస్ రొయ్యలో సరిగ్గా పెరగలేదు. చలికాలంలో, ముసురు పట్టినప్పుడు చెలరేగుతుంది. మన దగ్గర శీతాకాలం పంట అంటే అందుకే జూదం.

గట్టుమీద_సుబ్బు
రిజల్ట్ వచ్చింది. పాజిటివ్. రెండు శాంపిళ్లూ.

సాయంత్రానికి ఇంకో 30 కిలోల దాకా తేలాయి. రేపు తెల్లవారుజామున వల వేస్తున్నాం. కొనేవాళ్లు ఒకరు 220 కౌంట్ అన్నారు. రేటు చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.

నెల్లూరు_పెద్దాయన
ధైర్యంగా ఉండబ్బాయ్. రొయ్య పోతే మళ్లీ వేసుకోవచ్చు.

మేత_బాకీ
అడగొచ్చో లేదో. ఆ రొయ్యలు మనుషులు తింటే ఏం కాదా?

పీసీఆర్_పిచ్చి
మనిషికి ఏమీ కాదు, ఇది మనకి సోకే వైరస్ కాదు. కాకపోతే పచ్చి రొయ్య తలలు, కడిగిన నీళ్లు ఏ కాలవలో పోస్తున్నారన్నదే ప్రశ్న. ఫ్రీజర్‌లో పెట్టినా ఈ వైరస్ చావదు.

సుబ్బుగారూ, అసలు పని పట్టుబడి తర్వాత ఉంది. తూము ఎత్తొద్దు. సంచులతో, మట్టితో మూసేయండి. మీది రెండెకరాలు, నాలుగడుగుల నీళ్లు అనుకుంటే దాదాపు 9,900 ఘనపు మీటర్లు. తక్కువలో తక్కువ 60 పీపీఎం, అంటే ఘనపు మీటరుకి 60 గ్రాముల బ్లీచింగ్ లెక్కన దాదాపు 590 కిలోలు, 25 కిలోల బస్తాలైతే 24. పొద్దుపోయాక వేయండి, పగలు ఎండకీ పీహెచ్‌కీ సగం బలం పోతుంది. ఏరేటర్లతో కలియబెట్టి, వారం నిల్వ ఉంచి, క్లోరిన్ పోయిందని చూసుకుని అప్పుడు వదలండి.

మొగల్తూరు_రాజు
పంట పోయినోడికి 24 బస్తాల ఖర్చు చెప్తున్నారు. ఎవడు వేస్తాడండీ ఇది? రాత్రి తూము ఎత్తితే ఫ్రీ. నిజం మాట్లాడుకుందాం.

పీసీఆర్_పిచ్చి
నిజమే. అందుకే ఎవరూ వేయరు, అందుకే ఏటా వస్తుంది.

తూము_కాడ
చాలాసేపటి నుంచి చదువుతున్నా. సుబ్బూ, నీ పక్క చెరువు వాణ్ని నేనే. ఫోటో లేదని గుర్తుపట్టవనుకున్నావా?

ఏరేటర్_శబ్దం
అయ్యబాబోయ్. టీ పెట్టుకుని వస్తా, అప్పటిదాకా ఎవరూ ఏమీ రాయొద్దు.

తూము_కాడ
నీళ్లు వదిలింది నిజం. నాకు తేలడం మొదలైన రెండో రోజు మా టెక్నీషియన్ "చెప్తే రేటు పడిపోతుంది, ఎవరికీ చెప్పకుండా ఖాళీ చేసేయండి" అన్నాడు. చేసేశాను. తప్పే. మా కౌలు ఎకరాకి ఎంతో నీకు తెలుసు, ఆ రాత్రి నాకు బుర్ర పనిచేయలేదు.

కానీ రెండు మాటలు. పోయిన దీపావళికి నీ చెరువులో వైట్ గట్ (రొయ్య పేగు తెల్లబడే జబ్బు) వచ్చినప్పుడు నీళ్లు ఎక్కడికి వదిలావు? నా మోటార్ ఎదురుగానే. నేను పోస్ట్ పెట్టలేదు. రెండోది, మొన్న ఆదివారం గ్రోత్ చూడాలని మీ కుర్రాడు వచ్చి మా విసురువల పట్టుకెళ్లాడు. అప్పటికే నా రొయ్యలు మేత తగ్గించాయి, నేను వేడి చేసిందేమో అనుకున్నా. ఆ వల తడి ఆరకుండానే నీ చెరువులో పడింది.

గట్టుమీద_సుబ్బు
వల సంగతి నిజమే బాబాయ్. ఇప్పుడే మా వాణ్ని అడిగాను. కడగలేదట.

పీసీఆర్_పిచ్చి
ఆదివారం అంటే డ్రెయిన్ నీళ్లు పెట్టడానికి రెండు రోజుల ముందు. సోకినప్పటి నుంచి పెద్దగా చావులు మొదలవడానికి మూడు నుంచి పది రోజులు పడుతుంది కాబట్టి వలా కావొచ్చు, నీళ్లూ కావొచ్చు, డ్రెయిన్ వైపు నుంచి వచ్చిన పీతా కావొచ్చు. ఇప్పుడు తేల్చలేం. మూడు తలుపులూ తెరిచే ఉన్నాయి.

మొగల్తూరు_రాజు
సీడ్‌ని వదిలేశారు. నాలుగు తలుపులు.

కొల్లేటి_కొంగ
పిట్ట పేరు రాలేదు, గమనించగలరు.

గట్టుమీద_సుబ్బు
బాబాయ్, మీకు జబ్బు వచ్చిందని ఒక్క ఫోన్ చేసుంటే నేను మోటార్ వేసేవాణ్ని కాదు. వలా తెచ్చుకునేవాణ్ని కాదు. దీపావళి సంగతికి నా దగ్గర జవాబు లేదు.

తూము_కాడ
ఫోన్ చేయాల్సింది. పొద్దున పట్టుబడికి మా ఇంట్లో ముగ్గురం వస్తాం. నా దగ్గర ఐదు బస్తాల బ్లీచింగ్ మిగిలింది, అది తీసుకో.

నెల్లూరు_పెద్దాయన
చూశారా, మా రోజుల్లో ఈ వేదికే ఉంటే కండలేరు సగం మిగిలేది. సగమే.

జెడ్డా_నుంచి
కంప్లైంట్ సంగతి ఎవరూ చెప్పలేదు. కోస్టల్ అథారిటీ మొదటి నిబంధనల్లో 5 హెక్టార్లు దాటిన ఫారానికి వాడిన నీళ్లు శుద్ధి చేసే చెరువు విడిగా ఉండాలన్నారు, 2009లో వనామీకి అనుమతి ఇచ్చినప్పుడు ఫారం ఎంత చిన్నదైనా ఉండాలన్నారు. మన ఎకరం, రెండెకరాల వాళ్లు దాన్ని పట్టించుకోరు. కానీ రెండెకరాల వాళ్లు రెండొందల మంది ఒకే డ్రెయిన్ మీద ఉంటే అది ఎన్ని హెక్టార్లు?

భీమవరం_బుజ్జి
వేరే ప్రశ్న. మా చెరువులో ఏవీ చావడం లేదు. 80 రోజులైనా 100 కౌంట్ దగ్గరే ఆగాయి, ఒకటి పెద్దది ఒకటి చిన్నది. అక్కడక్కడా తెల్ల రెట్ట తేలుతోంది. ఇదీ వైట్ స్పాటేనా?

పీసీఆర్_పిచ్చి
కాదు, అది ఈహెచ్‌పీ అయ్యుండొచ్చు, టెస్ట్ చేయించండి. 2009లో థాయిలాండ్‌లో పేరు పెట్టారు. వైరస్ కాదు, బూజు జాతికి దగ్గరి చుట్టం, రొయ్య కాలేయంలో కూర్చుని తిన్నదంతా తనే తింటుంది. రొయ్య చావదు, ఎదగదు, మేత బిల్లు మాత్రం ఎదుగుతుంది. దీని బీజాలు బ్లీచింగ్‌కి అంత తేలిగ్గా లొంగవు. పట్టుబడి అయ్యాక హెక్టారుకి 6 టన్నుల కాల్చిన సున్నం, అంటే ఎకరాకి సుమారు రెండున్నర టన్నులు, దున్నిన మట్టిలో కలిపి తడిపి మట్టి పీహెచ్ 12కి ఎక్కించాలి. మామూలు వ్యవసాయ సున్నం పనికిరాదు. కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

భీమవరం_బుజ్జి
చచ్చిపోయినా బాగుండేది, ఈ నానబెట్టుడు కంటే.

మేత_బాకీ
ఇవన్నీ దాటి పంట తీస్తే 2025లో అమెరికా వాడు సుంకం వేశాడు. దానికి ఏ సున్నం వేయాలో కూడా చెప్పండి.

ఏరేటర్_శబ్దం
ఎన్ని దెబ్బలు తిన్నా మళ్లీ సీడ్ వేస్తాం. మీసాలకేముంది, రొయ్యకు లేవా బారెడు!

గట్టుమీద_సుబ్బు
పదకొండు రోజుల తర్వాత రాస్తున్నా. పట్టుబడికి వచ్చిన డబ్బు మేత షాపులో సగం ఖాతాకి సరిపోయింది. బ్లీచింగ్ మొత్తం 24 బస్తాలు వేయలేదు, 20 వేశాం. వారం ఉంచి నిన్న నీళ్లు వదిలాం, పగటిపూట, డ్రెయిన్ మీద ఉన్న ఆరుగురికీ ఫోన్ చేసి. చచ్చినవన్నీ గోతిలో సున్నం వేసి పూడ్చాం. నీళ్లు దిగాక బొరియల్లోంచి తీసిన పీతలు రెండు గంపలు. ఇన్ని ఉన్నాయని నాకు తెలియదు.

ఇప్పుడు ఎన్ని రోజులు ఎండబెట్టాలి?

పీసీఆర్_పిచ్చి
చెన్నై సీబా (కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు పరీక్షించినప్పుడు ఎండబెట్టిన చెరువు మట్టిలో 19 రోజుల దాకా, నీరు నిలిచిన మట్టిలో 35 రోజుల దాకా వైరస్‌కి జబ్బు చేసే శక్తి ఉంది. కాబట్టి నెర్రెలు విచ్చేదాకా కనీసం మూడు వారాలు. మూలల్లో మడుగులు మిగిలితే ఎండబెట్టినట్టు కాదు.

తూము_కాడ
మా చెరువూ ఎండుతోంది. ఇద్దరం ఒకేసారి నీళ్లు పెట్టుకుందామని అనుకున్నాం. ముందు సుబ్బు వాళ్ల పాత గుంటలోకి తోడి, బ్లీచింగ్ చేసి, అక్కడి నుంచి రెండు చెరువులకీ. డ్రెయిన్ వైపు పీతల కంచె కూడా కలిపే వేస్తున్నాం, ఖర్చు సగం సగం. విసురువల మాత్రం ఎవరిది వాళ్లదే.

మొగల్తూరు_రాజు
సీడ్ ఈసారి ఎక్కడ తెస్తున్నారు?

గట్టుమీద_సుబ్బు
ఇంకా అనుకోలేదు రాజుగారూ. టెస్ట్ మాత్రం బయటి ల్యాబ్‌లో, 150 పిల్లలతో.

వరిచేను_శ్రీను
ఆ పాత గుంట నా చేను పక్కదే కదా?

తూము_కాడ
అవును శ్రీనూ. రేపు పొద్దున గట్టు మీదికి రా, ఊట దిగకుండా ఏం చేయాలో చూద్దాం.

వరిచేను_శ్రీను
ఎన్నింటికి?